రోడ్డు ప్రక్క వైద్యశాల - డాక్టరు ఐడా స్కడ్డరమ్మగారి జీవితము

నలుగురు మనుష్యులు ఒక పక్షవాయువు గలవానిని మంచముతో సహా మోసికొని వచ్చి, గుంపువలన త్రోవ దొరకక, ఇంటికప్పు విప్పి క్రిందికి దింపిన సంగతి మార్కు సువార్త రెండవ అధ్యాయములో నున్నది. మన ఆదివారపు బడి పిల్లలు కూడ దానినెరుగుదురు. పోయిన వానకాలములో మా సంఘపు యౌవనస్థులు నలుగురు ఒక నిండుచూలాలిని నులకమంచము మీద ఎత్తుకొని వాగు దాటించిరి. ఆవలి గట్టున ఆసుపత్రి బండి దీపములు వెలిగించుకొని నిలిచియుండెను గాని, నీరు మొలలోతున పారుచున్నందున ఇవతలికి రాలేకపోయెను. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. అయినను ఆ రాత్రి గట్టున టార్చిలైటు పట్టుకొని నిలిచినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది రాయవేలూరు ఐడా స్కడ్డరమ్మగారు. అందుచేత ఈ నెల ఆమె చరిత్రను వ్రాయుచున్నాము.

ఆమె 1870వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. తాతగారు, తండ్రిగారు ఇద్దరును మిషను వైద్యులే. అయినను ఆమెకు ఈ దేశములో పని చేయవలెనను కోరిక ఎంతమాత్రమును లేదు. కరవును, ఆకలిగొన్న పిల్లలను చిన్ననాట కన్నులార చూచినందున, అమెరికాలో చదువు ముగించుకొని అక్కడనే సుఖముగా నుండవలెనని నిశ్చయించుకొనెను. తల్లికి జబ్బుగా నున్నదని తెలిసి 1890లో తిండివనమునకు వచ్చినప్పుడు కూడ, కొన్నాళ్లుండి తిరిగిపోవుటకే వచ్చినది.

అక్కడ ఒక్క రాత్రిలో ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు ఆమె తలుపు తట్టిరి. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నున్నారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు. తన తండ్రి వైద్యుడనియు, ఆయనను తీసికొనిపొమ్మనియు ఆమె చెప్పినను, పరపురుషుడు తమ స్త్రీలను చూచుటకు వారు ఒప్పుకొనలేదు. చదువులేని ఆ పడుచు చేయగలిగినది ఏమియు లేకపోయెను. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. వైద్యుడు కూతవేటు దూరములో ఉండియు వారికి వైద్యము అందలేదు. మేము ఈ సంగతిని పలుమారులు చదివితిమి; చదివినప్పుడెల్ల ఆ భర్తలమీద కోపము వచ్చును. అయితే ఐడా అమ్మగారు వారిని నిందించుచు కూర్చుండలేదు. తాను వైద్యము నేర్చుకొని వత్తునని తలిదండ్రులతో చెప్పి ఓడ ఎక్కెను.

1899లో కోర్నెల్ వైద్య కళాశాలలో పట్టము పొంది, 1900వ సంవత్సరారంభమున తిరిగి వచ్చెను. తండ్రియొద్ద పని నేర్చుకొనవచ్చునని ఆశించినది గాని, ఆ ఏడే ఆయన కాలము చేసెను. బంగళాలోని ఒక చిన్న గదియే మొదటి దవాఖానా. న్యూయార్కులో షెల్ అను బ్యాంకు యజమాని తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల స్త్రీల ఆసుపత్రి లేచెను.

ఇంతవరకు చేసిన పని ఇతరులును చేసియున్నారు. మేము ముఖ్యముగా చెప్పదలచినది దీని తరువాతి సంగతి. రోగులు ఆసుపత్రికి ఆలస్యముగా వచ్చుచున్నారు. అనేకులు అసలు రారు. కూలి మానుకొని, బండి బాడుగ పెట్టుకొని, ఇరువది మైళ్లు ఎవరు రాగలరు? కాబట్టి 1906 మొదలు ఆమెయే మందుపెట్టెలు ఎద్దుబండిలో వేసికొని పల్లెలకు బయలుదేరెను. కొన్ని ఏండ్లకు ఒక చిన్న ప్యూజో మోటారుకారు వచ్చెను. ఆ కాలమున మోటారు అనగా జమీందారులకును దొరలకును విలాసవస్తువు. అది వచ్చుట చూచి పల్లెవారు దయ్యమనుకొని పారిపోయిరట. దానినే ఆమె కూలివాని వాకిటికి పోవు దవాఖానాగా చేసెను. గుడియాతము పోవు బాటలో ఫలాని చెట్టుక్రింద, వారములో ఫలాని దినమున బండి ఆగునని అందరికిని తెలిసెను. తెల్లవారకముందే కురుపులవారు, కన్నులు పుండ్లైనవారు, పంటినొప్పివారు, చంటిబిడ్డల తల్లులు అక్కడ కనిపెట్టుకొని యుండిరి. ఊరివారు దూరముగా నెట్టివేసిన కుష్ఠురోగులు కూడ వచ్చి కూర్చుండిరి. వారి పుండ్లకును అదే చేతితో కట్టు కట్టిరి. మోటారు ఎవరిని స్వస్థపరచలేదు. చెప్పిన దినమున, చెప్పిన చెట్టుక్రింద, తప్పక ఆగుటయే పేదలకు ధైర్యమిచ్చినదని మా అభిప్రాయము. ఈ దినములలో సెల్‌ఫోనులో డాక్టరు ముఖము చూచి మాట్లాడు ఏర్పాటు వచ్చినది. మంచిదే. అయితే కన్నులు కనబడని అవ్వకు ఆ ఫోను పట్టుకొని కూర్చుండువారు ఒకరుండవలెను గదా!

అట్టివారు కావలెననియే ఆమె 1909లో నర్సుల బడిని, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను ప్రారంభించెను. ముగ్గురు పిల్లలు వచ్చినను గొప్పేనని మద్రాసులోని పెద్ద వైద్యాధికారి తలంచెను. దరఖాస్తులు 151 వచ్చెను! మొదటి తరగతిలో 14 మంది 1922లో చదువు ముగించి బయటికి వచ్చిరి. పురుషులు మొగమెత్తి చూడరాదన్న ఇండ్లలోనికి ఈ పిల్లలు నేరుగా ప్రవేశించిరి.

పిమ్మట పెద్ద శోధన కలిగెను. వైద్యులందరికిని యూనివర్సిటీ డిగ్రీ ఉండవలెనని 1938లో మద్రాసు ప్రభుత్వము నిర్ణయించుటతో పాఠశాల మూతబడు స్థితికి వచ్చెను. పురుషులను కూడ చేర్చుకొని ఇతర మిషనులతో కలిసిన గాని నిలువదు. స్త్రీల కొరకని ధనమిచ్చిన అమెరికా స్నేహితురాండ్రు కొందరు ఇది మాట తప్పుటయని ఆమెమీద కోపించి విడిచిపోయిరి. వారి కోపములో న్యాయము లేకపోలేదు. ఆమె చాల దుఃఖించెను గాని, పని చచ్చుటకంటె రూపు మారుట మేలని ఒప్పుకొని, డెబ్బది ఏండ్లు దాటిన వయస్సులో అమెరికాలో ఊరూరు తిరిగి ధనము కూర్చెను. 1942లో యూనివర్సిటీ గుర్తింపు దొరికెను. 1947 నుండి పురుషులును అక్కడ చదువ మొదలిడిరి.

1946లో ఆమె పని నుండి విశ్రమించెను. తరువాత ఆ కళాశాల పెత్తనము చేపట్టిన మొదటి భారతీయురాలు మన విశాఖపట్టణములో పుట్టిన డాక్టరు హిల్డా లాజరసమ్మగారని తెలుగువారమైన మనము మరువరాదు. 1948లో అక్కడనే, రోడ్డు ప్రక్క చెట్టుక్రింద కట్లు కట్టించుకొన్న ఆ కుష్ఠురోగుల వంటివారి వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయుట ఆరంభమాయెను.

ఆమె 1960వ సంవత్సరము మే 24వ తేదీన కోడైకెనాలులో, 89 ఏండ్ల వయస్సున, ప్రభువునందు నిద్రించెను. వీధిపేరు గాని ఊరిపేరు గాని లేక, ఇండియాలోని డాక్టరు ఐడాకు అని మాత్రమే పైన వ్రాసిన ఉత్తరము ఒకటి తిన్నగా ఆమె చేతికి వచ్చి చేరినదని చెప్పుదురు. మన రాయలసీమ జిల్లాలనుండి ఇప్పటికిని ప్రతి దినము రోగులు కాట్పాడి స్టేషనులో దిగి, చీటీలు చేతబట్టుకొని, ఆమె ఆసుపత్రికి త్రోవ అడుగుచునే యున్నారు.