గురుఋణం: యల్లాప్రగడ సుబ్బారావు

వైద్యవిద్య గ్రంథాలతో ఆరంభమవుతుంది. రోగి మంచం పక్కన పరిపూర్ణమవుతుంది. నాడి చూడటం, గుండె చప్పుడు వినటం, వ్యాధి పేరు నోటితో పలికే ముందు రోగి ముఖం చదవటం వంటివి ఏ పుస్తకమూ పూర్తిగా నేర్పలేదు. దగ్గర నిలిచి నేర్పే గురువు కావాలి. కర్నూలులో 1956లోను, కడపలో రిమ్స్ పేరుతో 2006లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. వానలు ముఖం చాటేసే పల్లెల నుండి ఆ ఆసుపత్రులకు వచ్చే రోగుల చుట్టూ నిలబడే రాయలసీమ యువతీయువకులు వైద్యులవుతున్నారు. అక్కడ బోధించే ఆచార్యులకు జీతం ఉంది. నేర్చుకుంటూ సేవ చేసే హౌస్ సర్జన్లకు స్టైపెండు ఉంది. నేర్పేవారికి ఏమి ఇవ్వాలి? నేర్చుకొనేవారిని ఎవరు పోషించాలి? నేడు సహజంగా తోచే ఈ ఏర్పాటు వెనుక ఉన్న ప్రశ్నలివి. వీటికి సరైన సమాధానం దొరకని కాలంలో జీవించి, ఆ లోటును తన శ్రమతో పూరించిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం విడువవలసి రావటంతో ఇంట్లో లేమి చోటు చేసుకుంది. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడిద్దామని బాల్యంలో ఇల్లు విడిచి బయలుదేరిన సుబ్బారావును తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ చదువులో పెట్టింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కటానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టాయి. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువుకు అండగా నిలిచారు.

అది గాంధీజీ పిలుపుతో దేశం మేల్కొన్న కాలం. సుబ్బారావు ఖద్దరు వస్త్రంతో కుట్టించిన శస్త్రచికిత్సా దుస్తులు ధరించి తరగతికి వెళ్ళారు. శస్త్రచికిత్సా శాస్త్రం బోధించే ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది రుచించలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. గురువు చేతిలో విద్య ఉన్నట్లే శిష్యుని భవిష్యత్తు కూడా ఉంటుంది. ఆ అధికారాన్ని వాత్సల్యంతో వినియోగిస్తే శిష్యుడు ఎదుగుతాడు. ఆగ్రహంతో వినియోగిస్తే అతని దారి మూసుకుపోతుంది. సుబ్బారావుకు ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశం దొరకలేదు.

ఆ సమయంలో ఆదరించినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై కూడా ఆయుర్వేదాన్ని అభ్యసించి, దాని పునరుద్ధరణకు పాటుపడిన మహనీయుడాయన. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగం సుబ్బారావుకు లభించింది. నేర్చుకున్నవాడు నేర్పేవాడయ్యాడు. అప్పటికే స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆ కుటుంబంపై పగబట్టింది. ఆ వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలోనే ఇద్దరు సోదరులు మరణించారు. అదే రుగ్మత సుబ్బారావుకూ సోకగా, లక్ష్మీపతి ఇచ్చిన ఔషధంతో కోలుకున్నారని జీవిత చరిత్రకారులు చెబుతారు. తోబుట్టువులను బలిగొన్న వ్యాధికి మందు కనుగొనాలన్న తపన ఆయన మనసులో అప్పుడే నాటుకుంది.

ఉన్నత పరిశోధనకు అమెరికా వెళ్ళదలచారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయంతో బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో ప్రవేశించారు. ఆయన పట్టాకు అక్కడ తగిన గుర్తింపు లేకపోవటం వల్ల ఆసుపత్రిలో వైద్యునిగా శిక్షణ పొంది, దానితో జీవించే అవకాశం కలగలేదు. అందువల్ల పగలు విద్యార్థిగా, రాత్రి ఆసుపత్రి సేవకునిగా బతికారు. వైద్యునిగా రోగుల నాడి పట్టవలసిన చేతులతో వారి మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. ఆ పనిని ఆయన అవమానంగా భావించలేదు. అయితే ఒక మేధావి తన విద్య కోసం నిద్రను అమ్ముకోవలసి రావటం ఆ వ్యవస్థకు గౌరవం కాదు.

తరువాత ఆయన జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధకులుగా చేరారు. శరీర ద్రవాలలోను కణజాలంలోను ఉండే భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించి 1925లో ప్రకటించారు. అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించారు. జీవకణాలకు శక్తిని అందించే ఏ.టి.పి.ని 1929లో వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు డాక్టరేట్ లభించింది.

ఇక్కడ గురుశిష్య సంబంధానికి ఒక కఠినమైన పరీక్ష ఎదురైంది. ఫిస్క్ పదోన్నతికి ఆటంకం కలుగకుండా, జరిగిన పరిశోధనలో తన పాలు తక్కువేనన్నట్లు సుబ్బారావు చెప్పుకున్నారని జీవిత చరిత్రకారులు వ్రాశారు. పూర్వం శిష్యులు గోవులనో, ధాన్యాన్నో గురుదక్షిణగా సమర్పించేవారు. ఈ శిష్యుడు తనకు రావలసిన కీర్తినే సమర్పించాడు. అయితే ఆ దక్షిణకు ప్రతిఫలం దక్కలేదు. హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభించలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడకపోవటం వల్ల తరువాతివారు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, అదే ప్రయోగశాలలో శిక్షణ పొంది 1988లో నోబెల్ బహుమతి గ్రహించిన జార్జి హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. శిష్యుని త్యాగం గొప్పదే. కాని దానిని స్వీకరించిన వ్యవస్థ లోకానికి నష్టమే కలిగించింది.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరి, అనంతరం పరిశోధనలకు సారథి అయ్యారు. ఇప్పుడు ఆయనే గురుస్థానంలో ఉన్నారు. తాను పోగొట్టుకున్నది తన కింద పనిచేసేవారు పోగొట్టుకోకుండా చూశారు. ఆయన నాయకత్వంలో పరిశోధక బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1946లో వెలువడిన ఆ పరిశోధన పత్రంలో 16 మంది పేర్లున్నాయి. వారిలో ఒకనిగా మాత్రమే ఆయన కనిపిస్తారు. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధమైంది. బోదకాలు వ్యాధిపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ 1947లో వెలువడింది. డెబ్బై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆ సంస్థలోనే ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి అందింది. ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన చిన్నారులకు చికిత్స చేశారు. నేడు క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ ఆ కుదురులోనిదే.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావు కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు. భార్యను మళ్ళీ చూడలేదు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

నేడు కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే గర్భిణికి ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఆ మాత్ర అందించే నర్సుకు, దానిని వ్రాసే యువవైద్యునికి ఎవరో ఒకరు పక్కన నిలిచి పని నేర్పి ఉంటారు. నేర్పేవారికి జీతంతో పాటు బోధనకు తగిన సమయం కావాలి. వారి శ్రమకు గుర్తింపు కావాలి. నేర్చుకొనేవారికి భుక్తి కావాలి. చేసిన పనికి తమ పేరు దక్కాలి. ఈ రెండూ ధర్మంగా జరిగిన చోట విద్య వర్ధిల్లుతుంది. గురుఋణం గురువుకు తిరిగి ఇచ్చినంత మాత్రాన తీరదు. తరువాత వచ్చేవారికి నేర్పినప్పుడే తీరుతుంది. అన్యాయం పొందిన చోట కూడా ఔదార్యాన్నే నేర్చుకుని, దానిని తన సహచరులకు పంచిన సుబ్బారావు జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.