మన అడవుల్లో జ్వరపడిన ఎవరెస్టు దొర

ఎవరెస్టు శిఖరం పేరు వినని బడిపిల్లవాడుండడు. అది ఒక మనిషి పేరనీ, ఆ మనిషి కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో నేల కొలుస్తూ చావుదాకా వెళ్లివచ్చాడనీ తెలిసినవారు తక్కువ.

జార్జి ఎవరెస్టు 1790లో పుట్టారు. పదహారేళ్లకే ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరి మన దేశం వచ్చారు. దక్షిణాది నుంచి భూమిని కొలుచుకుంటూ వస్తున్న లాంబ్టన్ దొరకు సహాయకుడుగా 1818 చివర హైదరాబాదు చేరారు.

వాన వెలిశాక దూరపు గుట్టలు స్పష్టంగా కనబడతాయి. అందుకని 1819 వానాకాలంలోనే అడవుల్లోకి దిగారు. అదే జ్వరాల కాలం. దొరతోపాటు 150 మంది దాకా మంచాన పడ్డారు. హైదరాబాదు చేరేలోపు 15 మంది దారిలోనే పోయారు. వారి పేర్లు ఏ కొండకూ పెట్టలేదు.

కోలుకోవడానికి 1820లో ఆయన ఆఫ్రికా కొసకు వెళ్లారు. 1823లో లాంబ్టన్ చనిపోగా పని ఈయన మీద పడింది. 1830లో సర్వేయర్ జనరల్ అయ్యారు. 1841కి కొలత హిమాలయాల పాదం దాకా పూర్తయింది.

భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుంటుంది. ఆ నొక్కు ఎంతో, భూమి ఎంత పెద్దదో 1830లో ఆయన లెక్క కట్టారు. మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్‌ను మొదలుగా పెట్టుకుని దేశపు పటాలను ఆ లెక్క మీదే గీశారు.

తర్వాత ఉపగ్రహాలతో కొలిస్తే, భూమి నడిబొడ్డు నుంచి భూమధ్యరేఖకు ఉన్న దూరం ఆయన చెప్పినదానికంటే 860 మీటర్లు ఎక్కువని తేలింది. మొదలుపెట్టిన చోటూ వేరే. అందుచేత హైదరాబాదు ప్రాంతంలో ఒకే రాయికి పాత పటంలోని అక్షాంశ రేఖాంశాలకూ ఉపగ్రహ పరికరం చూపేవాటికీ వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. పాత అంకెలు పట్టుకుని కొత్త పరికరంతో వెతికితే ఇంకొకరి చేలో తేలతాం. రెండు లెక్కల్లోనూ కొలిచిన రాళ్లను సరిపోల్చి, తేడా కట్టి, అప్పుడే ఒకదాన్ని మరొకదానిలోకి మార్చాలి.

దొరకు తెలియని సంగతి మరొకటుంది. మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. ఆయన జ్వరపడిన నాటినుంచి 10 మీటర్లు జరిగింది. ఊరూ, చేనూ, గట్టూ కలిసే జరుగుతాయి కనుక పొరుగువానితో తగవు రాదు. కానీ ఉపగ్రహ అంకె మారిపోతుంది, 20 ఏళ్లకు ఒక మీటరు. గట్టు వెడల్పంత! అంకె పక్కన ఏ లెక్కదో, ఏ ఏటిదో రాసి ఉంటేనే అది పనికివచ్చేది.

ఎవరెస్టు 1843లో ఉద్యోగం విరమించారు. శిఖరానికి తన పేరు పెట్టవద్దని 1857లో అభ్యంతరం చెప్పారు. హిందీవారు దాన్ని పలకలేరన్నది ఆయన వాదన. అసలాయన తన పేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవారు. 1865లో ఆ పేరే ఖాయమైంది. మరుసటి ఏడు డిసెంబరు 1న లండన్‌లో కన్నుమూశారు.