దెబ్బలాట లేని ఆట కోసం

బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసినవారికి కోర్టులో పరుగులు తీసే పదిమందితోపాటు, గీత అవతల నిలకడ లేకుండా తిరిగే మరో వ్యక్తి కూడా గుర్తుండిపోతాడు. ఆయన కోచ్. తన ఆటగాణ్ణి ఎదుటివాడు మోచేత్తో పొడిచినా రెఫరీ ఈల ఊదకపోతే ఆయన కేకలు వేస్తాడు, చేతిలోని కాగితాలు నేలకేసి కొడతాడు. కొందరు కోచ్‌లు కావాలనే రెఫరీతో తగవు పెట్టుకుని ఫౌల్ తెచ్చుకుంటారు. దాంతో తమ కుర్రాళ్లలో పౌరుషం రేగుతుందని, తర్వాతి నిర్ణయమైనా తమవైపు మొగ్గుతుందని వారి లెక్క. దెబ్బకు దెబ్బ తీయమని కళ్లతోనే చెప్పేవారూ లేకపోలేదు. అయితే ఈ ఆటను కనిపెట్టింది వేదాంత విద్య చదివిన ఒక భక్తుడని, ఒకరినొకరు కొట్టుకోనక్కరలేని ఆట కోసం వెదికి వెదికి ఆయన దీన్ని తయారుచేశాడని, కోచ్‌గా ఆయన గెలిచిన మ్యాచ్‌లకన్నా ఓడినవే ఎక్కువని చాలామందికి తెలియదు. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ఆల్మాంట్ అనే ఊరి దగ్గర 1861 నవంబరు 6న ఆయన పుట్టాడు. స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబం. 1870లో టైఫాయిడ్ సోకి తండ్రి, తల్లి కొద్ది వారాల తేడాతో చనిపోయారు. అక్క యానీ, జేమ్స్, తమ్ముడు రాబర్ట్ అమ్మమ్మ పంచన, ఆ తర్వాత మేనమామ పీటర్ యంగ్ ఇంట పెరిగారు. మేనమామ దైవభయం గలవాడు, పని దగ్గర మాత్రం కఠినుడు. జేమ్స్‌కు బడి మీదకన్నా ఆటల మీద ధ్యాస ఎక్కువ. బండమీద ఒక రాయి పెట్టి, దూరం నుంచి మరో రాయి విసిరి దాన్ని పడగొట్టే ఆట ఆ పల్లె పిల్లలకు ఇష్టం. మన ఏడు పెంకులాటకు దూరపు చుట్టం అనుకోవచ్చు. బలంగా విసిరితే గురి తప్పిన రాయి ఎక్కడో పడుతుంది, దాన్ని తెచ్చుకునేలోగా ఓడిపోతారు. నెమ్మదిగా, విల్లులా వంపు తిరిగేలా విసిరినవాడిదే గెలుపు. ఈ చిన్న సంగతి ఇరవై ఏళ్ల తర్వాత ఆయనకు అక్కరకొచ్చింది.

పదిహేనేళ్లకే చదువు మానేసి అడవుల్లో దుంగలు నరికే పనికి వెళ్లాడు. ఆ రోజుల్లో ఒకసారి మద్యం దుకాణంలో గ్లాసు పట్టుకుని నిలబడ్డ జేమ్స్‌ను పక్కనున్న ఒకాయన గుర్తుపట్టి, నువ్వు మార్గరెట్ కొడుకువి కదా, ఈ స్థితిలో చూస్తే ఆ తల్లి ఎంత కుమిలిపోయేదో అన్నాడని జీవిత చరిత్రకారులు రాశారు. ఆయన మళ్లీ మద్యం ముట్టలేదు. దాదాపు ఇరవయ్యేళ్ల వయసులో తిరిగి బడిలో కూర్చొని, 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. డిగ్రీ తర్వాత అక్కడే ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంత విద్య. పాస్టర్ కావాలన్నది ఆయన నిర్ణయం, ఇంటివారి ఆశ కూడా.

అయితే రగ్బీ ఆయన్ను వదల్లేదు. ఆటలు సాతాను ఉచ్చులని నమ్మే కాలమది. తోటి వేదాంత విద్యార్థులు ఆయన ఆత్మ కోసం ప్రార్థనలు చేశారట. ఒక మ్యాచ్ ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. ఆట వేడెక్కింది. పక్కనే ఆడుతున్న సహచరుడు ఒళ్లు మరిచి బూతులు లంకించుకున్నాడు. అంతలోనే జేమ్స్ వైపు తిరిగి, నువ్విక్కడున్నావని మరిచిపోయానంటూ క్షమించమని అడిగాడు. జేమ్స్ అతణ్ణి ఎన్నడూ మందలించలేదు, కనీసం బూతు గురించి మాట్లాడిందీ లేదు. మరి అతడెందుకు సిగ్గుపడ్డాడు? ఈ ప్రశ్న జేమ్స్‌ను చాలాకాలం వెంటాడింది. ప్రసంగ వేదిక నుంచి చేరలేని యువకుల్ని ఆటస్థలంలో చేరుకోవచ్చేమోనన్న ఆలోచన అక్కడే పుట్టింది. వేదాంత విద్య ముగించి 1890లో ఆయన చర్చి వైపు కాక అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వైఎంసిఎ శిక్షణ పాఠశాల వైపు నడిచాడు.

అక్క యానీ ఇందుకు ఆయన్ను క్షమించలేదు. ప్రపంచమంతా తమ్ముడి పేరు తెలిసిన తర్వాత కూడా, ఇప్పుడైనా క్షమించావా అని అడిగితే ఆమె లేదనే చెప్పింది. నాగటి మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగినవాడిగానే ఆమె తమ్ముణ్ణి చూసింది. లూకా సువార్త చదివినవారికి ఆ మాట ఎంత బరువైనదో తెలుసు. దాన్ని జేమ్స్ జీవితాంతం మోశాడు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన ఫుట్‌బాల్ జట్టుకు అలోంజో స్టాగ్ నాయకుడు, ఆయనా దైవసేవ చేయాలని బయల్దేరినవాడే. అత్యంత మోటు పనిని అత్యంత మర్యాదగా చేయగలడనే జేమ్స్‌ను జట్టు నడిమధ్యన నిలబెట్టానని స్టాగ్ చమత్కరించేవాడట. కాబట్టి నైస్మిత్ దెబ్బలంటే భయపడే మనిషి కాదు. దెబ్బ రుచి తెలిసినవాడే దెబ్బలు లేని ఆట కోసం వెదికాడు.

1891 శీతాకాలంలో పైఅధికారి లూథర్ గులిక్ ఆయనకు ఒక తరగతి అప్పగించాడు. పద్దెనిమిదిమంది యువకులు. బయట మంచు, లోపల రోజూ అవే కసరత్తులు, విసిగిపోయి ఎవరి మాటా వినడంలేదు. అప్పటికే ఇద్దరు ఉపాధ్యాయులు చేతులెత్తేశారు. నాలుగు గోడల మధ్య ఆడగల కొత్త ఆట తయారుచేయడానికి గులిక్ రెండు వారాల గడువిచ్చాడు. నైస్మిత్ ముందు ఫుట్‌బాల్‌ను, సాకర్‌ను, లక్రాస్‌ను లోపల ఆడించి చూశాడు. కిటికీ అద్దాలు పగిలాయి, కాళ్లు చేతులు కమిలిపోయాయి. గడువు ముగుస్తోంది.

అప్పుడాయన ఆటల్ని వదిలి కారణాలు వెదికాడు. ఫుట్‌బాల్‌లో మనిషిని ఎందుకు పడగొడతారు? బంతి పట్టుకుని పరిగెడుతున్నాడు కనుక. పరుగే లేకపోతే పడగొట్టే అవసరమే ఉండదు. బంతి అందుకున్నవాడు అక్కడినుంచే విసరాలి, అంతే. మరి గోల్? నిటారుగా ఉన్న గోల్‌లోకి ఎంత బలంగా కొడితే అంత లాభం. గోల్‌ను తలల పైకి ఎత్తి, దాని నోరు ఆకాశం వైపు తిప్పితే? బలం పనికిరాదు, నేర్పు కావాలి. బండమీది రాయి ఆట గుర్తొచ్చింది. కాపలా మనిషి స్టెబిన్స్ రెండు పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చాడు. పది అడుగుల ఎత్తున బాల్కనీ అంచుకు వాటిని కొట్టారు. నేటికీ ఆ ఎత్తు మారలేదు.

పదమూడు నియమాలు టైప్ చేయించి గోడకు అంటించాడు. వాటిలో ఐదోది ఆయన మనసును చూపిస్తుంది. భుజంతో గుద్దడం, పట్టుకోవడం, తోయడం, కాలు అడ్డుపెట్టడం, కొట్టడం ఏవీ కుదరవు. మొదటిసారి ఫౌల్. రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయటే. గాయపరచాలన్న ఉద్దేశం కనబడితే ఆట ముగిసేదాకా బయటే, అతని స్థానంలో మరొకరు రాకూడదు. తీర్పరులూ ఇద్దరు. అంపైర్ మనుషులకు తీర్పరి, రెఫరీ బంతికి తీర్పరి. ఇందులో కెప్టెన్ల ప్రస్తావన ఉంది కానీ కోచ్ అన్న మాటే ఎక్కడా లేదు. ఆడేవారు, తీర్పు చెప్పేవారు, వారిమధ్య నియమాలు. గీత అవతల నిలబడి అరిచే మనిషి ఆ రెండు కాగితాల్లో లేడు.

డిసెంబరులో తొలి ఆట జరిగింది. జట్టుకు తొమ్మిదిమంది. మొత్తం ఆటలో పడింది ఒకే గోల్. ఆ తొలినాటి ముచ్చట మరొకటి ఉంది, దాన్ని చివర్లో చెప్పుకుందాం. ఒక విద్యార్థి దీనికి నైస్మిత్ బాల్ అని పేరు పెడదామంటే ఆయన పగలబడి నవ్వాడు. బుట్ట ఉంది, బంతి ఉంది, అదే పేరయింది. పేటెంట్ కూడా ఆయన తీసుకోలేదు. 1892 మార్చిలో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ మ్యాచ్ పెడితే విద్యార్థులు 5-1తో గెలిచారు. ఉపాధ్యాయుల ఏకైక గోల్ స్టాగ్‌దే. ఫుట్‌బాల్ అలవాటు పోక తోస్తూ పదేపదే ఫౌల్ చేసినవాడూ ఆయనే! మంచివాళ్లకు కూడా చేతులు అదుపులో ఉండవన్నమాట.

వైఎంసిఎల ద్వారా ఆట కార్చిచ్చులా పాకింది. పాఠశాల నుంచి వెళ్లిన డంకన్ పాటన్ 1894లోనే దాన్ని భారతదేశానికి తెచ్చాడు. అదే పాఠశాలలో చదివిన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వైఎంసిఎ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. మన జిల్లాల డ్రిల్ మాస్టార్లలో అక్కడ శిక్షణ పొందినవారెందరో. కానీ ఆటతోపాటు మోటుతనమూ పాకింది. కొన్నిచోట్ల వైఎంసిఎలే ఈ ఆటను నిషేధించాయి. బాల్కనీలో కూర్చున్న అభిమానులు ఎదుటిజట్టు బంతిని చేత్తో తోసేస్తుంటే బుట్ట వెనక బోర్డు పెట్టాల్సి వచ్చింది. కొన్ని ఊళ్లలో కోర్టు చుట్టూ ఇనుప వల కట్టారు. ఆ వలకేసి గుద్దుకుని ఆటగాళ్లు ఒళ్లంతా గీరుకుపోయి ఇంటికెళ్లేవారు. నియమాల్లో లేని కోచ్ కూడా ఎక్కడినుంచో వచ్చి చేరాడు. 1910లో కళాశాలల నియమావళి ఆట సాగుతుండగా కోచ్ నోరెత్తడాన్నే నిషేధించింది. మొదట హెచ్చరిక, తర్వాత ఎదుటిజట్టుకు ఫ్రీ త్రో. టైమ్ అవుట్‌లో ఆటగాళ్లతో మాట్లాడే అనుమతి 1940ల చివరలో గానీ రాలేదు. నేటి కోచ్‌లకు ఈ సంగతి చెబితే నమ్ముతారో లేదో!

నైస్మిత్ డెన్వర్ వెళ్లి పనిచేస్తూనే వైద్యవిద్య పూర్తిచేశాడు. 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచింది. రోజువారీ ప్రార్థనలు నడపాలి, వ్యాయామం నేర్పాలి. బాస్కెట్‌బాల్ జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. 1899 ఫిబ్రవరి 3న తొలి మ్యాచ్‌లోనే 16-5తో ఓటమి. 1907 దాకా ఆయన కోచ్‌గా ఉన్నాడు. 55 గెలుపులు, 60 ఓటములు. గొప్ప గొప్ప కోచ్‌లను చూసిన ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఈ ఆటను సృష్టించినవాడొక్కడే. చాలా మ్యాచ్‌లకు ఆయనే ఈల పట్టుకుని రెఫరీగా దిగేవాడు. రెఫరీని నిందించాలంటే తనను తానే నిందించుకోవాలి మరి.

ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్‌ను వేరొక కళాశాల కోచ్‌గా పిలిచింది. నైస్మిత్ నవ్వి, ఇది ఆడుకునే ఆటే గానీ నేర్పించే ఆట కాదని చెప్పాడట. అలెన్ వినలేదు. ఒక్క కాన్సస్‌లోనే 590 మ్యాచ్‌లు గెలిపించి, శిక్షణతో గెలవవచ్చని గురువుకు నిరూపించాడు. ఈ విషయంలో శిష్యుడిదే పైచేయి అనక తప్పదు. గురువుకు కావలసింది మాత్రం వేరు. ఈ ఆట నేర్పే గుణాలను లెక్కపెడుతూ ఆయన ఆత్మనిగ్రహాన్ని, త్యాగాన్ని ప్రత్యేకంగా రాశాడు. కోపానికి లొంగినవాడు తన ఆటనే కాదు, జట్టునూ దెబ్బతీస్తాడన్నది ఆయన అనుభవం. నియమం ప్రకారం పోరాడనివాడికి కిరీటం లేదని పౌలు తిమోతికి రాసిన మాట వేదాంత విద్యార్థికి కొత్త కాదు.

1916లో ఆయన ఎట్టకేలకు పాస్టర్‌గా ఆర్డినేషన్ పొంది, సైనికుల మధ్య చాప్లిన్‌గా పనిచేశాడు. తర్వాత ఫ్రాన్స్‌లో యుద్ధరంగానికి దగ్గరగా వైఎంసిఎ సేవలో పంతొమ్మిది నెలలు గడిపాడు.

తప్పు తీర్పు ఇచ్చింది రెఫరీ కాక సమాజమే అయితే ఏం చేయాలి? 1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సస్‌లో చేరి, నేరుగా నైస్మిత్ గదికి వెళ్లి ఆయనే తన సలహాదారు అని పరిచయం చేసుకున్నాడు. విశ్వవిద్యాలయ జట్టులో నల్లవారికి చోటు లేదు. ఈతకొలనులోకి రానివ్వరు. మెక్‌లెండన్ దిగాడని కొలను నీళ్లన్నీ తీసేయించారు. డెబ్బై దాటిన నైస్మిత్ ఆ కుర్రాడి పక్షాన నిలబడ్డాడు. కొలను తలుపులు తెరుచుకున్నాయి. జట్టు తలుపులు తెరిపించలేకపోయాడు, అది కూడా చెప్పుకోవాలి. ఆడనివ్వని ఆటను ఆయన ఆ శిష్యుడికి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు, పైచదువుకు దారి చూపించాడు. నేర్పించే ఆట కాదన్న మనిషే నేర్పాడు! మెక్‌లెండన్ జట్టు 1957, 58, 59 సంవత్సరాల్లో వరుసగా జాతీయ ఛాంపియన్ అయింది.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ చేరింది. కోచ్‌లు, అభిమానులు చందాలు పోగుచేసి వృద్ధుడైన నైస్మిత్‌ను అక్కడికి పంపారు. ఫైనల్ మట్టికోర్టులో, వానలో జరిగింది. ఆయన పుట్టిన కెనడాను ఆయన స్థిరపడిన అమెరికా 19-8తో ఓడించింది. పేరు ఇంత పెరిగినా ముఖం ఎవరికీ తెలియదు. ఒకసారి అయోవాలో చిన్న కళాశాల వ్యాయామశాలకు వెళ్తే, కొందరు కుర్రాళ్లు రెఫరీగా ఉండమని అడిగారు. ఆయన జవాబిచ్చేలోగా వారిలో ఒకడు, ఈ ముసలాయన బాస్కెట్‌బాల్ మ్యాచ్ జన్మలో చూసి ఉండడని తీసిపారేశాడు. ఆ సంగతి ఆయనే తర్వాత సరదాగా రాసుకున్నాడు.

1939 నవంబరు 28న కాన్సస్‌లోని లారెన్స్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ ఏడాది జనవరిలో న్యూయార్క్ రేడియోలో మాట్లాడుతూ తొలినాటి ముచ్చట బయటపెట్టాడు. బుట్టలు కట్టి, బంతి ఇచ్చి ఈల ఊదగానే కుర్రాళ్లు ఒకరిమీద ఒకరు పడి తన్నుకున్నారట. కొందరికి కళ్లు కమిలాయి, ఒకడి భుజం ఎముక తప్పింది, ఒకడు స్పృహ తప్పి పడిపోయాడు. చంపుకుంటారేమోనని భయపడి ఆయన ఆట ఆపేశాడు. అయితే ఆ దెబ్బలు తిన్న కుర్రాళ్లే మళ్లీ ఆడించమని ఆయన్ను వదలకుండా వేధించారు. ఆయన కూర్చుని మరికొన్ని నియమాలు రాశాడు.