బొగ్గు ఊరిలో పుట్టిన గురువు, పెరుగుతున్న విశ్వం



మొన్న యౌవనస్థుల కూడికలో ఒక అబ్బాయి లేచి, విశ్వం పెరుగుతోందా, కుంచించుకుపోతోందా, బైబిలు ఏమంటోంది అయ్యగారూ అని అడిగాడు. ఇరవై ఏళ్ల క్రితమైతే నేను వెంటనే యెషయా 40వ అధ్యాయం తెరిచేవాణ్ణి. దేవుడు ఆకాశాన్ని తెరలా పరిచాడని అక్కడ ఉంది గనుక, సైన్సుకంటే ముందే బైబిలు ఈ సంగతి చెప్పేసిందని ముగించేవాణ్ణి. అలా ప్రసంగించిన ఆదివారాలూ ఉన్నాయి. ఈసారి నన్ను ఆపింది ఒక దైవసేవకుని జీవితం. ఆయన పుట్టింది కూడా మన కొత్తగూడెం లాంటి బొగ్గు ప్రాంతంలోనే.

జార్జ్ లెమైత్ర 1894 జూలై 17న బెల్జియంలోని షార్లెర్వాలో పుట్టారు. చుట్టూ బొగ్గు గనులు, గాజు కొలుములు. తండ్రికి గాజు కార్ఖానా ఉండేది. తొమ్మిదేళ్ల వయసులోనే ఆయన గురువు కావాలనీ, శాస్త్రవేత్త కావాలనీ నిశ్చయించుకున్నారు. కార్ఖానా కాలిపోయింది. కుటుంబం బ్రస్సెల్స్ చేరింది. 1911లో ఆయన లూవెన్ విశ్వవిద్యాలయంలో మైనింగ్ ఇంజనీరింగ్‌లో చేరారు. మన మైనింగ్ కాలేజీ పిల్లలు చదివే చదువే అది.

1914లో యుద్ధం వచ్చింది. చదువు వదిలి సైన్యంలో చేరి, నాలుగేళ్లు కందకాల్లో, ఫిరంగుల మధ్య గడిపారు. మనుషుల మీదికి విషవాయువు వదలడం కళ్లారా చూశారు. శౌర్య పతకంతో తిరిగి వచ్చారు గానీ గనుల చదువుకు మళ్లీ వెళ్లలేదు. గణితంలో 1920లో డాక్టరేటు పొంది, అదే ఏడాది సెమినరీలో చేరారు. 1923 సెప్టెంబరులో గురువుగా అభిషిక్తులయ్యారు. ఆయన రోమన్ కాథలిక్కు, మనలో ఎక్కువమందిమి ప్రొటెస్టంటు సంఘాలవారం. అయినా ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ దగ్గర, తర్వాత అమెరికాలో హార్వర్డు వేధశాలలో చదివి, 1925లో లూవెన్‌లో అధ్యాపకుడయ్యారు. ఆ రోజుల్లో విశ్వం పెరగదు, తరగదు అన్నది ఐన్‌స్టీన్ అభిప్రాయం. అలా నిలకడగా ఉంచడానికే ఆయన 1917లో తన సమీకరణంలో ఒక అదనపు పదం చేర్చారు. 1922లో రష్యా గణితవేత్త ఫ్రీడ్‌మన్, అవే సమీకరణాల ప్రకారం విశ్వం పెరగనూవచ్చు, తరగనూవచ్చు అని కాగితం మీద చూపించారు. ఆ సంగతి తెలియకుండానే లెమైత్ర 1927లో మరో అడుగు వేశారు. లెక్కను ఆకాశంతో పోల్చి చూశారు.

బొగ్గు రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. దూరమయ్యే గెలాక్సీల వెలుగు కూడా అలాగే ఎరుపు వైపు జరుగుతుంది. అప్పటికి తెలిసిన గెలాక్సీల వేగాలు, దూరాలు కలిపి చూస్తే, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా అవి తొలగిపోతున్నాయని ఆయనకు తేలింది. ఊదే కొద్దీ బెలూన్ మీది చుక్కలు ఎడమైనట్టు, గెలాక్సీల మధ్య స్థలమే సాగుతోంది. ఆ ఏడాదే బ్రస్సెల్స్‌లో కలిసిన ఐన్‌స్టీన్ లెక్క సరైనదే అన్నారు, ఆ ఊహను మాత్రం తోసిపుచ్చారు. 1929లో అమెరికాలో హబుల్ పరిశీలనలు వచ్చాక అందరూ ఇటు తిరిగారు. 1931లో లెమైత్ర ఇంకా వెనక్కి వెళ్లి, సమస్తం ఒకప్పుడు ఒకే ఆదిమ అణువుగా ఉండి ఉంటుందని ప్రతిపాదించారు. నేటి బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి అదే మూలం.

మన పాఠం ఇక్కడుంది. 1951 నవంబరులో పోప్ పన్నెండవ పయస్ ఈ కొత్త ఖగోళ శాస్త్రం సృష్టికి సాక్ష్యం పలుకుతున్నట్టు ప్రసంగించారు. సంతోషించవలసిన లెమైత్ర కలవరపడ్డారు. వాటికన్ వేధశాల అధిపతితో మాట్లాడారు. మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రజ్ఞుల ముందు పోప్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తన సిద్ధాంతం దేవుణ్ణి రుజువు చేయదు, కాదనదు అన్నది లెమైత్ర నిలకడ. ఆయన ఆశ్రయించింది కూడా యెషయా గ్రంథాన్నే, అయితే 45వ అధ్యాయాన్ని. దేవుడు తన్ను తాను మరుగుచేసుకొనేవాడని అక్కడుంది.

ఆ జాగ్రత్త ఎందుకు? 1927లో ఆయన కట్టిన వ్యాకోచపు రేటు 625. నేడు అదే కొలమానంలో అది 70 దగ్గర ఉంది. పాత రేటుతో విశ్వం వయసు రెండువందల కోట్ల ఏళ్లయినా కాదు. భూమి వయసే 450 కోట్ల ఏళ్లు! నేటి లెక్కలో విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. శాస్త్రం తన తప్పులు దిద్దుకుంటూ నడుస్తుంది, అదే దాని బలం. దాని నిన్నటి అంకెకు మన విశ్వాసాన్ని కట్టేస్తే, అంకె మారిన రోజున మన పిల్లల విశ్వాసం ఏమవుతుంది?

1966లో ఆయన మరణశయ్య మీద ఉండగా, అమెరికాలో పెంజియాస్, విల్సన్ కనుగొన్న ఆదికాలపు వేడి ఆనవాలు గురించి సహచరుడొకరు వచ్చి చెప్పారు. కొద్ది రోజులకే, జూన్ 20న, ఆయన కన్నుమూశారు.

ఆ అబ్బాయికి నేను చెప్పిన జవాబు ఇదే. విశ్వం పెరుగుతోంది. ఆ పెరుగుదల వేగం పుంజుకుంటోందని 1998లో తేలింది. చివరికి ఏమవుతుందో ఇంకా కొలుస్తూనే ఉన్నారు. నీకు ఆసక్తి ఉంటే భయపడకుండా చదువు, నువ్వూ కొలువు. దానివల్ల నీ రక్షణకు ముప్పు లేదు.

గనిలో పనిచేసే మన సహోదరులకు తెలుసు, ఏ ఆధారం ఎంత కప్పు మోయగలదో. మోయలేని దాని మీద బరువు పెట్టరు. సిద్ధాంతం మోయవలసినది సిద్ధాంతం మోస్తుంది. మన నిరీక్షణను మోసేది సిలువ వేయబడి తిరిగి లేచిన ప్రభువే. ఈ వివేచన మన ప్రసంగపీఠాలకు, మన పిల్లలకు ఆయన దయచేయును గాక. ఆమేన్.