కొండనెక్కిన కీర్తిని కొండ ప్రజలకే వెచ్చించిన హిల్లరీ

ఎవరెస్టు శిఖరాన్ని తొలిసారి ఎక్కింది టెన్సింగ్, హిల్లరీ అని బడికి వెళ్ళిన ప్రతివారూ చదువుకున్నదే. 1953 మే 29న పొద్దున పదకొండున్నరకు వారిద్దరూ ఆ శిఖరం మీద నిలిచారు. అక్కడ ఉన్నది పావుగంట మాత్రమే. ఆ పావుగంట తెచ్చిన పేరును ఎడ్మండ్ హిల్లరీ ఆ తరువాత ఏం చేసుకున్నారన్నది చాలామందికి తెలియదు.

హిల్లరీ 1919 జూలై 20న న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో జన్మించారు. పెరిగింది టువాకౌ అనే చిన్న ఊళ్ళో. తండ్రి అక్కడ ఒక స్థానిక పత్రిక నడిపి, తరువాత తేనెటీగల పెంపకంలోకి దిగారు. (పల్లెటూరి పత్రికతో ఇల్లు గడవదన్నది ఏ దేశంలోనైనా ఒకటేనేమో!) ఎడ్మండ్ కూడా తమ్మునితో కలిసి తేనెపెట్టెలు మోశారు. ఆ పని వేసవిలోనే ఉంటుంది కనుక చలికాలంలో కొండలెక్కే తీరిక దొరికేది.

ఎవరెస్టు దిగి వచ్చాక బ్రిటిష్ రాణి 'సర్' బిరుదునిచ్చారు. 1958లో వ్యవసాయానికి వాడే ఫెర్గూసన్ ట్రాక్టర్లు తోలుకుంటూ మంచు మీదుగా దక్షిణ ధ్రువం చేరుకున్నారు. మన రైతులకు ఈ సంగతి వింతగా ఉంటుంది గానీ నిజం.

అయితే ఆయన మనసు ఎవరెస్టు కింద ఉన్న షెర్పా పల్లెల వైపే లాగింది. కొండ ఎక్కేవారి మూటలు మోసింది ఆ ఊళ్ళవారే. అక్కడ బడి లేదు, డాక్టరు లేడు. ఉప్పులో అయోడిన్ లేక గొంతు వాచిన గాయిటర్ రోగులు ఊరూరా ఉండేవారు. 1960లో మరొక యాత్రకు వెళ్ళినప్పుడు, మీకేం కావాలని హిల్లరీ షెర్పా పెద్దలను అడిగారు. వారు డబ్బు అడగలేదు, బట్టలు అడగలేదు. పిల్లలకు బడి అడిగారు. 1961లో ఖుంజుంగ్ గ్రామంలో, సుమారు 12,400 అడుగుల ఎత్తున, అల్యూమినియం రేకులతో బడి లేచింది. పంతులు డార్జిలింగ్ నుంచి వచ్చారు.

ఒక ఊరికి బడి వచ్చిందంటే పక్క ఊరు ఊరుకుంటుందా? ఒక్కొక్క ఊరూ అర్జీ పట్టుకుని వచ్చింది. వాటికి సొమ్ము ఎక్కడిది? హిల్లరీ సంపన్నుడు కాడు. ఎవరెస్టు ఎక్కినవాడన్న పేరే ఆయన పెట్టుబడి. దేశదేశాలు తిరిగి కొండల కథలు చెప్పి, విన్నవారి నుంచి చందాలు పోగుచేశారు. హిమాలయన్ ట్రస్టు పేరుతో ఆ సొమ్ము షెర్పాల ఊళ్ళకు చేరింది. ఊరికే డబ్బు పంపి కూర్చోలేదు. తానే వెళ్ళి మేకులు కొట్టారు, కలప మోశారు. షెర్పాలూ కాయకష్టం కలిపారు.

సామాను చేర్చడానికి 1964లో లుక్లా వద్ద రైతుల దగ్గర పొలం కొని విమానాలు దిగే మైదానం చేశారు. నేల మెత్తగా ఉంటే, షెర్పాలను వరుసగా నిలబెట్టి నాట్యం చేయించారట. మనవాళ్ళు కళ్ళం తొక్కి గట్టిపరచినట్టే! 1966లో కుందే గ్రామంలో ఆస్పత్రి వెలిసింది. గాయిటర్‌కు అయోడిన్ చికిత్స మొదలైంది.

లుక్లా మైదానం మరొక చిక్కు కూడా తెచ్చింది. యాత్రికులు తండోపతండాలుగా దిగారు, వారి వంటచెరకు కోసం అడవి తరిగింది. హిల్లరీ ఇది గమనించి బాధపడ్డారు. 1976లో అక్కడ సాగరమాత జాతీయవనం ఏర్పడింది. ట్రస్టు నారుమళ్ళు పెంచి మొక్కలు నాటించింది.

1975లో ఆయన ఫాప్లూ అనే చోట రెండో ఆస్పత్రి కట్టిస్తున్నారు. మార్చి 31న భార్య లూయీస్, పదహారేళ్ళ చిన్నకూతురు బెలిండా ఆయనను కలుసుకోవడానికి ఖాట్మండులో చిన్న విమానం ఎక్కారు. లేచిన కొద్దిసేపటికే అది కూలిపోయింది. ఇద్దరూ మరణించారు. ఫాప్లూలో వారి కోసం ఎదురుచూస్తున్న హిల్లరీకి కబురు హెలికాప్టరులో వచ్చింది.

కొన్నేళ్ళు ఆయన కుంగిపోయారు. తాను పెట్టుకున్న పని మూలంగానే వారు ఆ విమానం ఎక్కారన్న తలపు ఏ మనిషినైనా నమిలేస్తుంది. ఆస్పత్రి మాత్రం ఆగలేదు, పూర్తయింది. 1977లో జెట్ పడవల మీద గంగాసాగరం నుంచి గంగకు ఎదురీది హిమాలయాలు చేరారు. ఆ యాత్ర చివర కొండ మీద గాలి చాలక జబ్బు పడగా హెలికాప్టరులో దించవలసి వచ్చింది. ఎవరెస్టు ఎక్కినవానికే ఎత్తు పడని రోజులు వచ్చాయి. అయినా షెర్పాల ఊళ్ళకు పోవడం మానలేదు. 1985 నుంచి 1989 వరకు న్యూజిలాండ్ హైకమిషనరుగా ఢిల్లీలో ఉన్నారు.

2008 జనవరి 11న 88 ఏళ్ళ వయసులో ఆక్లండ్‌లో కన్నుమూశారు. అప్పటికి ట్రస్టు కట్టించిన బడులు ఇరవై దాటాయి. కుందే ఆస్పత్రిలో మొదట న్యూజిలాండ్, కెనడా డాక్టర్లు పనిచేసేవారు. హిల్లరీ పోయేనాటికి దానిని నడుపుతున్నది ఒక షెర్పా డాక్టరు. ఆయన ఓనమాలు దిద్దింది ఖుంజుంగ్ బడిలోనే.