గుంపు ఎదుట నిలిచిన న్యాయవాది

ఈ మాసము మనము విల్బర్ ఫిస్క్ శాండర్స్ అను అమెరికా న్యాయవాది జీవితమును తలంచుకొందము.

ఆయన 1834లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. ఒహాయోలో బడిపంతులుగానుండి, న్యాయశాస్త్రము చదివి, 1856లో న్యాయవాది ఆయెను. 1863లో మేనమామ సిడ్నీ ఎడ్జర్టనుతో కలిసి, భార్యాబిడ్డలతో పడమటి కొండసీమకు బండ్లమీద ప్రయాణమై, బానాక్ అను బంగారుగనుల ఊరు చేరెను. ఆ సీమలో బంగారము మెండు, చట్టము శూన్యము. రాజధాని కొండల కావల బహుదూరముననుండెను. దారికాచి దోచువారు, చంపువారు నిర్భయముగా తిరుగుచుండిరి.

ఆ డిసెంబరులో కంచరగాడిదలను తోలుకొని వచ్చుటకు వెళ్లిన నికొలస్ టీబాల్ట్ అను వలస యువకుడు హతుడాయెను. జార్జి ఐవ్స్ అనువానిపై నేరము మోపిరి. నెవాడా సిటీ అను గనుల ఊరిలో ఆరుబయట, చలిలో, మూడు దినములు విచారణ జరిగెను. ఐవ్స్ స్నేహితులు ఆయుధములతో గుంపులో నిలిచియుండిరి. అట్టి చోట ఆ దిక్కులేని చిన్నవాని పక్షమున వాదించుటకు 29 ఏండ్ల శాండర్స్ ముందుకు వచ్చెను. నేరము రుజువై, ఆ రాత్రియే ఐవ్స్‌ను ఉరితీసిరి.

అయితే కథ అంతటితో ముగియలేదు. పిమ్మట కొందరు రహస్య సంఘముగా కూడి, కొలది వారములలోనే ఇరువదిమందికి పైగా మనుష్యులను న్యాయస్థానపు విచారణ లేకయే ఉరితీసిరి. ఆ సంఘమును స్థాపించినవారిలో శాండర్స్ కూడ ఒకడు. ఒక హతుని కొరకు బహిరంగ విచారణ జరిపించిన వాడే, ఇతరులకు ఆ విచారణ దక్కకుండుటకు తోడ్పడెను. ధైర్యము గొప్పదే, కాని హద్దులేని ధైర్యము న్యాయమును దాటిపోవునని మనమిక్కడ నేర్చుకొనవలెను.

1864లో మాంటానా ప్రత్యేక ప్రాంతముగా ఏర్పడగా, ఎడ్జర్టను దాని మొదటి గవర్నరాయెను. శాండర్స్ ప్రాంతపు ప్రతినిధిగా వాషింగ్టను వెళ్లుటకు పలుమార్లు పోటీచేసి ఓడినను, 1873 నుండి 1879 వరకు శాసనసభలో పనిచేసెను. 1889లో మాంటానా రాష్ట్రము కాగా, 1890 నుండి 1893 వరకు సెనేటరుగానుండెను.

వృద్ధాప్యమున ఆయనకు మరియొక గుంపు ఎదురాయెను. 1896-97లో బ్యూట్ పట్టణపు కార్మిక సంఘములు చీనావారి అంగళ్లను, భోజనశాలలను బహిష్కరించి, వారిని వెళ్లగొట్టజూచెను. అప్పుడు శాండర్స్ ఆ చీనావారి న్యాయవాదియై కోర్టులో నిలిచెను. బహిష్కరణను ఆపుమని కోర్టు ఆజ్ఞాపించెను. ఈ మారు ఆయన చేతనున్నది చట్టమే గాని ఉరిత్రాడు కాదు.

ఆయన 1905 జూలై 7న హెలీనాలో మరణించెను. మన గ్రామములలోను అప్పుడప్పుడు గుంపు కూడును, ఒక్కడు నిందితుడగును. అప్పుడు మనము ఎవరి పక్షమున నిలుతుమో, ఏ విధముగా నిలుతుమో ఇప్పుడే యోచించుకొందము.