విలియం కింగుగారు

మన అమ్రాబాదు కొండల రాళ్లు కడపశిలలని పేరొందిన అతిప్రాచీన శిలాసముదాయములోనివి. ఆ శిలలను నల్లమలలయందు పరిశోధించి 1872లో గొప్ప గ్రంథమును ప్రకటించినవారు విలియం కింగుగారు.

వీరి తండ్రి ఐర్లండు దేశమున గాల్వే పట్టణపు కళాశాలలో భూగర్భశాస్త్రోపాధ్యాయుడు. కింగుగారు 1857లో హిందూదేశ భూగర్భ పరిశోధనశాఖయందు చేరి, చెన్నపురి రాజధానిలోను నైజాము రాజ్యమునందును బహుకాలము సంచరించిరి. ఇల్లెందు చెంత బొగ్గును కనుగొని సింగరేణి గనులకు కారకులైరి.

పిదప గోదావరి మండలమున రాఘవపురమను గ్రామమువద్ద పలకలుగా విడిపోవు తెల్లని మట్టిరాయి వారి కంటబడెను. అది బొగ్గు గాదు, లోహమును గాదు. ఐనను వారు దాని నుపేక్షింపక, అందలి గవ్వల జాడలను, ఆకుల జాడలను గుర్తించి, ఆ పొరకు గ్రామము పేరిడి 1880లో వర్ణించిరి.

ఆ పొరయే సముద్రమువైపున వేలకొలది అడుగుల లోతున నల్లగా నున్నది. పూర్వము సముద్రజీవుల కళేబరములును, నదులు తెచ్చిన ఆకులలములును ప్రాణవాయువు చాలని అడుగు బురదలో పూర్తిగా క్రుళ్లక నిలిచెను. పైపై మేటలు పడి, వేడి నూఱు డిగ్రీలవరకు హెచ్చగా, ఆ పదార్థమే నూనెయు వాయువునై ఇసుకరాళ్లలోనికి ప్రాకెను. 1978లో నరసాపురమువద్ద త్రవ్విన బావిలో వాయువు కానవచ్చెను. కృష్ణా గోదావరీ తీరపు నూనెకును వాయువునకును జన్మస్థానములలో రాఘవపురపు పొర ముఖ్యమైనదని పిమ్మట తేలెను.

కింగుగారు 1887 నుండి 1894 వరకు ఆ శాఖకు అధ్యక్షులై, 1900లో మృతినొందిరి. తాము పేరిడిన రాతి విలువను వారు చూడలేదు. బాలబాలికలారా! ఫలమెరుగకయే శ్రద్ధతో చేసిన పని వ్యర్థము గాదని వారి జీవితము మనకు చూపుచున్నది.